బూడిద తేట, రాతి రేవు

ముందు బూడిద కావాలి. ఏ బూడిద పడితే అది పనికిరాదు. ఆపిల్, బేరి చెట్ల కట్టె కాలగా మిగిలిన బూడిద మేలురకం. ఎల్మ్, హార్న్‌బీమ్ కట్టెల బూడిద, కత్తిరించి పడేసిన ద్రాక్ష తీగల బూడిద కూడా మంచివే. ఓక్, చెస్ట్‌నట్ కట్టెల బూడిదను మాత్రం దూరం పెడతారు. ఆ చెట్లకు వగరు ఎక్కువ, తెల్లగుడ్డ మీద మరక వేస్తుందని భయం. పైన్ కట్టెలో బంక. అందుకని 19వ శతాబ్దపు ఫ్రెంచి పల్లెలో ఇల్లాలు చలికాలమంతా పొయ్యిలోకి ఏ కట్టె పోతోందో కనిపెట్టుకునే ఉంటుంది. ఏప్రిల్లో ఉతకబోయే దుప్పట్ల తెలుపు ఆమెకు జనవరి నుంచే మొదలు.

పొయ్యి చల్లారాక బూడిద ఎత్తి సన్నని జల్లెడ పడతారు. బొగ్గు నలుసు మిగిలితే నల్లగీత పడుతుంది. పాత చెక్కతోపాటు కాలిన మేకు ఒక్కటి అందులో ఉండిపోతే తుప్పు మరక పడుతుంది, అది జన్మలో వదలదు. జల్లించిన మెత్తని పొడిని పెట్టెలోనో కుండలోనో పోసి తడి తగలని చోట దాస్తారు. ఇందులో పని చేసే సరుకు పొటాషియం కార్బనేట్. అది నీళ్లకు ఇట్టే కరిగిపోతుంది, చెమ్మ తగిలితే సారమంతా కారిపోయి సున్నపు పొడి మిగులుతుంది. అసలు బూడిదలో సింహభాగం సున్నపు సరుకే, ఉతుకుకు అక్కరకొచ్చే పొటాష్ కొద్దిపాళ్లే. అందుకే గుప్పెళ్లు చాలవు, బకెట్లకు బకెట్లు కావాలి. ఎంత పోసినా ఖర్చు లేదు, సబ్బుకైతే చేతి డబ్బు పడుతుంది. ఫ్రెంచి రైతు ఇల్లు కొన్ని వందల ఏళ్లు బూడిదనే నమ్ముకోవడానికి అదే కారణం.

ఫ్రాన్స్ పల్లెల్లో తిరిగినవాళ్లు లవ్వార్ అనే కట్టడాన్ని చూసే ఉంటారు. ఊటనీళ్లు పారే రాతి తొట్టి, చుట్టూ వాలుగా చెక్కిన అంచు, పైన పెంకుల కప్పు. ఇది ఊరి ఉమ్మడి బట్టల రేవు. ఇక్కడే ఊరి బట్టలన్నీ ఉతికేవారని పర్యాటకులకు చెప్తారు. అందులో నిజం మూడోవంతే. పాతకాలపు పెద్ద ఉతుకు మూడు రోజుల పని, లవ్వార్ వంతు మూడో రోజుకు గాని రాదు. మురికిని వదలగొట్టే అసలు పని అప్పటికే ఇంటి దగ్గర, చెక్క తొట్టిలో, బూడిద నీళ్లతో అయిపోయి ఉంటుంది. లవ్వార్ జాడించే చోటు. ఆ సంగతి తెలిస్తే తప్ప దానికి ఆ ఆకారం ఎందుకు వచ్చిందో బోధపడదు.

పెద్ద ఉతుకు ఏడాదికి రెండుసార్లు పెడతారు, వసంతంలో ఒకటి, శరత్తులో ఒకటి. కలిగినవాళ్లకు ఇలా కుదురుతుంది, లేనివాళ్లకు కుదరదు. ఆరునెలలు ఉతక్కుండా గడపాలంటే దుప్పట్లు, చొక్కాలు, తువ్వాళ్లు డజన్ల లెక్కన ఉండాలి. నాలుగే దుప్పట్లున్న ఇంటివాళ్లు తరచు ఉతుక్కోక తప్పదు. అంటే ఎంత అరుదుగా ఉతికితే ఆ ఇల్లు అంత గొప్పది. విడిచిన గుడ్డలు మూలన కుప్పగా పడేస్తే బూజు పడుతుంది. అందుకని అటక మీద కర్రలకు ఆరేసి ఉంచుతారు. అవన్నీ అవిసె నారతో, గంజాయి జాతికే చెందిన హెంప్ నారతో నేసినవి. గరుకు హెంప్ దుప్పటి ఒక్కటే పొడిగా ఉన్నప్పుడే రెండు కిలోల దాకా తూగుతుంది. ముప్పై దుప్పట్లంటే అరవై కిలోలు, తడిశాక అంతకు రెట్టింపు పైమాటే. ఆ బరువును ఒక మనిషి మోకాళ్ల మీద కూచుని నీళ్లలోంచి లాగాలన్న సంగతి గుర్తు పెట్టుకోండి.

రోజు ఎంచడానికీ లెక్కలున్నాయి. వాన పడకూడదు, గాలి తడిగా ఉండకూడదు. ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర వారంలో తొట్టి ముట్టుకోరు. గుడ్ ఫ్రైడే నాడు ఉతికితే తన ప్రేతవస్త్రం తానే ఉతుక్కున్నట్టని నమ్మకం. ఇంట్లో ఆడవాళ్లకు తోడు ఇరుగుపొరుగు వస్తారు, ఇవాళ నీ ఇంటికి, రేపు నా ఇంటికి. కలిగిన ఇళ్లలో లవాందియేర్‌ను, అంటే కూలికి ఉతికే మనిషిని, పిలుస్తారు. రోజు కూలితోపాటు తిండీ పెట్టాలి. మన పల్లెల్లో చాకిరేవును ఒక కులానికి అప్పజెప్పారు, అక్కడ ఆడవాళ్లకు అప్పజెప్పారు. మగవాళ్లు తొట్టి ఎత్తి పెడతారు, బండి తోస్తారు, అంతే. బర్గండీలోని మినో అనే ఊరి ఆడవాళ్ల పనుల మీద ఇవోన్ వెర్దియే అనే పరిశోధకురాలు రాసిన పుస్తకం 1979లో వచ్చింది. ఆ ఊళ్లో పుట్టిన బిడ్డకు మొదటి స్నానం చేయించేదీ, పోయినవాళ్లను కడిగి సాగనంపేదీ ఒకే మనిషని అందులో ఉంది. ఉతికే మనిషికి పల్లె ఇచ్చిన చోటు అది, కూలి లెక్కకు అందేది కాదు.

మొదటి రోజు విడదీయడం, నానబెట్టడం. బ్రిటనీ ప్రాంతంలో ఈ మూడు రోజులకూ ప్రాయశ్చిత్త లోకం, నరకం, స్వర్గం అని పేర్లున్నాయి. ప్రాయశ్చిత్తం చన్నీళ్లతో మొదలు. దుప్పట్లు ఒక పక్క, చొక్కాలూ లోబట్టలూ ఒక పక్క, వంటింటి గుడ్డలు వేరుగా. ఉన్నిబట్టలను ఈ కుప్పల దరిదాపుల్లోకి రానివ్వరు, క్షారం తగిలితే ఉన్ని నాశనమవుతుంది. రంగుబట్టలకు వేరే ఏర్పాటుంది. విడదీసిన తెల్లబట్టలను చన్నీళ్లలో ముంచి రాత్రంతా వదిలేస్తారు. నెత్తురు, పాలు, గుడ్డుసొన, చెమట వంటి మరకలు చన్నీళ్లకే సగం వదులుతాయి. వేణ్నీళ్లు పోశారో, ఆ మరక ఉడికి నారకు అతుక్కుపోతుంది. ఇక గునపం పెట్టినా రాదు. మెడపట్టీలకూ, చేతుల చివర్లకూ కాస్త సబ్బు పట్టించి, గట్టి గడ్డివేళ్లతో కట్టిన బ్రష్షుతో రుద్దుతారు. సబ్బు వాడకం ఈ దశలో అంతే.

రెండో రోజు తెల్లవారకముందే తొట్టి పేరుస్తారు. తొట్టి పేరు క్యువియే. చెక్కపలకలను ఇనుప పట్టీలతో బిగించిన పీపా రకం కొన్నిచోట్ల, రాతితో చెక్కినది కొన్నిచోట్ల. రెండుమూడు వందల లీటర్లు పట్టేది మామూలే. దాన్ని మూడు కాళ్ల పీట మీద ఎత్తుగా పెడతారు. అడుగున ఒక బెజ్జం, దానికి గొట్టమో, గడ్డిచుట్టతో బిగించిన బిరడానో ఉంటుంది. బెజ్జం పూడుకుపోకుండా అడుగున ద్రాక్షపుల్లలు పరుస్తారు, లేదంటే నున్నని రాళ్లు. వాటి మీద ముతక గుడ్డ పరిచి బట్టలు పేర్చడం మొదలెడతారు. సాధారణంగా బాగా మాసిన ముతక దుప్పట్లు అడుగున, సన్ననివి పైన. పేర్చడంలోనే పనితనమంతా ఉంది. నలిపి కుక్కితే నీళ్లు సందు చూసుకుని ఒక పక్కనే జారిపోతాయి, మధ్యలో బట్టలకు చుక్క అందదు. మరీ వదులుగా వేసినా అంతే. ఒక్కో దుప్పటినీ మడతలు పడకుండా పరిచి, అంచులు తొట్టి గోడకు ఆనేలా చేత్తో ఒత్తుకుంటూ పోతారు. మధ్యమధ్య థైమ్ రెమ్మలు, బే ఆకులు, లావెండర్, ఎండబెట్టిన ఐరిస్ దుంప ముక్కలు వేస్తారు, వాసన కోసం.

నిండాక పైన ఇంకో ముతక గుడ్డ కప్పుతారు. దాని అంచులు తొట్టి బయటికి వేలాడేంత పెద్దది. బూడిద పోసేది దీని మీదే, నాలుగు వేళ్ల మందం పైచిలుకు. గుడ్డ అంచులు లోపలికి మడిచేస్తే బూడిద మూటలా ఉండిపోతుంది. నీళ్లు దిగుతాయి, నలుసు దిగదు. ఈ గుడ్డకు చిన్న చిరుగున్నా తొట్టెడు బట్టలూ బూడిదపాలే. అందుకని పరిచే ముందు దాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తారు.

ఇక పోత. ఫ్రెంచిలో ఈ దశను ‘కులాజ్’ అంటారు, వార్చడమని చెప్పుకోవచ్చు. పక్కన పొయ్యి మీద పెద్ద కాగు మరుగుకు సిద్ధంగా ఉంటుంది, అయినా మొదటి విడత నీళ్లు గోరువెచ్చగా మాత్రమే పోస్తారు. చెయ్యి పెడితే హాయిగా ఉండాలి, 30 డిగ్రీలు దాటనివ్వరు. పొడవాటి పిడి ఉన్న ముంతతో బూడిద మీద నెమ్మదిగా, చుట్టూ తిప్పుతూ పోయాలి. నీళ్లు బూడిదలో ఇంకి, పొటాష్‌ను కరిగించుకుని, బట్టల గుండా అంగుళమంగుళం దిగి, అడుగు బెజ్జంలోంచి కింది బకెట్‌లోకి కారతాయి. ఆ వచ్చేది లెస్సి, అంటే బూడిద తేట. దాన్ని పారబోయరు. తీసుకెళ్లి కాగులో పోసి, ఇంకాస్త వేడి చేసి, మళ్లీ పైన పోస్తారు. మళ్లీ కారుతుంది, మళ్లీ కాగుతుంది. విడతకు విడతకు వేడి పెరుగుతూ మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంతకు, సాయంత్రానికి తెర్లే నీళ్లకు చేరాలి. పది పన్నెండు గంటల పని, పదిహేను ఇరవై పోతల దాకా. నరకమని పేరు రావడంలో వింతేం లేదు. ఆవిరి, పొగ, క్షారపు ఘాటు, మరిగే కాగు పట్టుకుని పొయ్యికీ తొట్టికీ మధ్య రోజంతా తిరుగుడు.

ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైనది తొందరపడకపోవడం. మొదట్లోనే మరిగే నీళ్లు పోస్తే రాత్రి నానబెట్టినా మిగిలిన మరకలు ఉడికిపోతాయి. వేడి మరీ మెల్లగా పెంచితే పొద్దుగూకేసరికి తొట్టి అడుగు భాగం చల్లగానే ఉండి, అక్కడి ముతక దుప్పట్లు జిడ్డుజిడ్డుగా మిగులుతాయి. థర్మామీటరు లేదు. పోసే నీటి వేడి కాదు, కారే నీటి వేడి చూడాలి. అదే ఈ విద్యలో గుట్టు. పైన మరుగుతున్నవి పోసినా కింద గోరువెచ్చగా వస్తున్నాయంటే లోపలి బట్టలు ఇంకా వేడెక్కలేదన్న మాట. అడుగున కారేది కూడా చెయ్యి కాల్చేంత వేడికి వస్తే అయినట్టు. తేట రంగూ ఆనవాలే. మొదట లేత పసుపు, రాను రాను ముదురు. రెండు వేళ్ల మధ్య రాస్తే జారుడుగా, సబ్బునీళ్లలా ఉంటుంది. ఉండదూ మరి, అది చేస్తున్న పని అదే. పొటాష్ బట్టకు పట్టిన కొవ్వుతో కలిసి అక్కడికక్కడే సబ్బుగా మారుతోంది. పైగా బర్గండీలాంటి సున్నపురాతి సీమల్లో నీళ్లు చాలా కఠినం, సబ్బు నురగదు, తెట్టు కడుతుంది. బూడిద తేట ఆ సున్నాన్ని విడగొట్టి నీటిని మెత్తబరుస్తుంది. దొరికినచోట తొట్టికి వాననీళ్లు వాడటమూ ఇందుకే.

మన రజకులు బట్టలకు ఆవిరి పెట్టే ఉబ్బ తెలిసినవాళ్లకు ఈ తొట్టి దూరపు చుట్టంలా అనిపిస్తుంది. మనం వాడిన చౌడులో ఉన్నది సోడియం కార్బనేట్, వాళ్ల బూడిదలో ఉన్నది పొటాషియం కార్బనేట్, రెండూ ఒక కోవవే. మన ఉబ్బలో ఆవిరి కిందనుంచి పైకి పోతుంది, వాళ్ల తొట్టిలో వేణ్నీళ్లు పైనుంచి కిందికి దిగుతాయి. 19వ శతాబ్దం చివరి భాగంలో ఫ్రెంచి ఇళ్లలోకి లెస్సివ్యూజ్ అనే జింకు రేకు బాన వచ్చి ఈ రెంటినీ కలిపింది. మధ్యలో నిలువు గొట్టం, దాని కొసన పుట్టగొడుగు ఆకారపు జల్లు. పొయ్యి మీద పెడితే అడుగున మరిగే నీళ్లు వాటంతట అవే గొట్టంలోంచి ఎగదన్ని బట్టల మీద జల్లుగా పడతాయి. ముంతతో పోసే మనిషి పని పోయింది. అప్పటికే నికొలా లెబ్లాఁ కనిపెట్టిన పద్ధతిలో ఉప్పునుంచి తీసిన కారఖానా సోడా బూడిదకు పోటీ వచ్చింది. దాంతో ఆరునెలల ఉతుకు నెలకు, ఆనక వారానికి దిగింది. అయినా జాడించడానికి లవ్వార్‌కు వెళ్లక తప్పలేదు, ఇంట్లో కుళాయి లేదు కదా.

రాత్రి పోత ఆపేసి, తొట్టి మీద మందపాటి గుడ్డ కప్పి, తెల్లారేదాకా వదిలేస్తారు. లోపలి వేడి మెల్లగా దిగుతూ పని చేస్తూనే ఉంటుంది. వాడేసిన తేట కూడా వృథా పోదు. రంగుబట్టలు, పొలం బట్టలు ఈ చల్లబడిన తేటలోనే ఉతుకుతారు. మిగిలింది నేల కడగడానికి.

మూడో రోజు బట్టలను ఒంటిచక్రం తోపుడు బండ్లలో వేసుకుని లవ్వార్‌కు తోస్తారు. ఇంటినుంచి ఊట దాకా దారి పల్లంగా ఉంటే అదృష్టం. తిరుగు ప్రయాణంలో అదే దారి ఎత్తు, బట్టలు తడి.

లవ్వార్ కట్టడం సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. అన్నిటికన్నా ముందు అవసరమైనది ఎండకాలంలోనూ ఎండని ఊట. బర్గండీలో తొనేర్ అనే ఊళ్లో ఫోస్ దియాన్ అనే పెద్ద ఊటగుండం ఉంది, భూమి లోపలి సొరంగంలోంచి ఉబికి వస్తుంది. దాని చుట్టూ 1758లో గుండ్రటి రేవు కట్టి, సగం వలయానికి కప్పు వేశారు. అక్కడికి దగ్గరలోని బ్రియెనోఁ ఊళ్లో 1762 నాటి రేవు కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. కాని మామూలు ఊరికి ఇంత సోకు ఉండదు, దీర్ఘచతురస్రపు తొట్టి చాలు. ఊటనీరు మొదట రాతి గొట్టంలోంచి పడుతుంది, ఊరివాళ్లు తాగునీళ్లు పట్టుకునేది అక్కడ. పొంగిన నీరు పశువుల తొట్టిలోకి. అక్కడ నిండి పొర్లింది జాడించే తొట్టిలోకి. అందులోంచి కిందికి దిగింది సబ్బు తొట్టిలోకి. చివరికి కాలవలోకి. మనిషి, పశువు, శుభ్రపడిన బట్ట, మురికి బట్ట అన్న వరస అది, ఒక్కో మెట్టుకూ కొద్ది వాటం ఇచ్చి కట్టిన రాతి లెక్క. ఈ వరస తప్పితే ఏమవుతుందో ఫ్రాన్స్‌కు 1832లో, 1849లో కలరా నేర్పింది.

1851 ఫిబ్రవరి 3న పారిస్ చట్టసభ ఒక చట్టం చేసింది. ప్రజలకు ఉచితంగానో తక్కువ రేటుకో స్నానశాలలు, బట్టల రేవులు కట్టే ఊళ్లకు సాయంగా 6,00,000 ఫ్రాంకులు కేటాయించింది. ఖర్చులో మూడోవంతు ప్రభుత్వానిది, ఒక్కో కట్టడానికి 20,000 ఫ్రాంకులు మించకుండా. మిగతా రెండు వంతులు ఊరే పెట్టుకోవాలి. నమూనా పటాలూ, ఖర్చు అంచనాలూ, వసూలు చేయబోయే రేట్లూ ముందే పంపి ఒప్పించుకోవాలి. ఇంగ్లండులో 1846లో వచ్చిన ఇలాంటి చట్టమే దీనికి దారి చూపింది. తూర్పు సీమల్లో చాలా ఊళ్లు ఉమ్మడి అడవిలో కలప అమ్మి తమ వాటా కట్టాయి. అలా 19వ శతాబ్దంలో ఊరూరా లవ్వార్లు లేచాయి. ఊరు తన పరపతి చూపించుకునే కట్టడం కనక స్తంభాలు, కమానులు, చెక్కిన దూలాలు కూడా వచ్చాయి. కొన్నిచోట్ల కప్పు నాలుగు వైపులనుంచీ లోపలికి వాలి, నడుమ ఆకాశం కనిపించేలా ఖాళీ వదిలి ఉంటుంది. వాననీళ్లు తొట్టిలో పడతాయి, వెలుతురు వస్తుంది. ఇన్ని హంగులు కట్టినవాళ్లు ఒక్కటి మాత్రం ఆలోచించలేదు. అంచు నేలకు సమంగా పెట్టారు, ఉతికే మనిషి మోకాళ్ల మీద వంగక తప్పదు. దక్షిణ ఫ్రాన్స్‌లో కొన్నిచోట్ల నడుమెత్తున తొట్టి కట్టి నిలబడి ఉతికే వీలు కల్పించారు. అది చూశాక మిగతా కట్టడాల అందం మీద నాకు గౌరవం కాస్త తగ్గింది.

రేవులో చోటు సంపాదించడం మొదటి పని. నీరు వచ్చే వైపు చోటుకు గిరాకీ, కింది వైపు కూచున్నవాళ్లకు పైవాళ్ల మురికి వస్తుంది. ముందొచ్చిన వాళ్లదే చోటనేది ఒక ఊరి కట్టుబాటు, పెద్దవాళ్లకు వాళ్ల రాయి వాళ్లకు వదలాలనేది ఇంకో ఊరిది. దీని మీద జరిగినన్ని తగాదాలు పొలం గట్ల మీద కూడా జరిగి ఉండవు. చోటు దొరికాక మోకాళ్ల పెట్టె వేసుకుంటారు. మూడు వైపులా చెక్క, ఒక వైపు ఖాళీ, లోపల గడ్డి పరుపు. మోకాళ్లకు రాయి ఒరుసుకోదు, చిమ్మే నీళ్లు లంగా తడపవు. అయినా ముందు భాగమంతా తడుస్తూనే ఉంటుంది. ఊటనీరు బర్గండీలో ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే చల్లదనం, 10-12 డిగ్రీలు. చలికాలంలో ఏరు గడ్డకట్టినా ఊట కట్టదు. అది చలి తక్కువని కాదు, మంచు పగలగొట్టే బాధ తప్పిందని మాత్రమే. పక్కన బకెట్ వేణ్నీళ్లు పెట్టుకుని మధ్యమధ్య చేతులు ముంచి తీస్తారు. వేళ్లు పగలడం, కీళ్లనొప్పులు ఈ పని మిగిల్చే ఆస్తి.

ముందు కింది తొట్టి. దుప్పటిని నీళ్లలోకి విసిరి, ఒక కొస పట్టుకుని వాలురాయి మీదికి మూరెడు మూరెడు లాగుతారు. తేటకు వదలని మరక మీద సబ్బు రుద్దుతారు. మార్సేయ్ సబ్బు ఉన్న ఇంట్లో దాన్నే, చాలా పొదుపుగా. ఆ సబ్బు తయారీకి 1688లో 14వ లూయీ శాసనమే ఉంది. ఆలివ్ నూనె తప్ప వేరే కొవ్వు కలపకూడదు, జూన్ జులై ఆగస్టు నెలల్లో కొలుములు ఆపాలి. మరక పోయాక బత్వార్ అందుకుంటారు. చిన్న పిడి, వెడల్పు పలక ఉన్న చెక్క అది. మడిచిన గుడ్డను దానితో బాదితే నారల్లో మిగిలిన బూడిద తేట, సబ్బు బయటికి వస్తాయి. కొట్టుడులో లాఘవం ఉంది. పలక మొత్తం ఒకేసారి చదునుగా పడాలి. అంచు పడితే నార తెగుతుంది, బొత్తాం విరుగుతుంది. అలవాటున్న మనిషి చెయ్యి ఎత్తదు, మణికట్టు నుంచే దెబ్బ.

ఆ తరవాత పై తొట్టి. సబ్బు మిగిలిన గుడ్డతో ఇందులో చెయ్యి పెట్టడం నేరం. ఊరి పంచాయతీ నియమాలు గోడ మీద ఉంటాయి. పశువులను తేవద్దు, పేగులూ కూరగాయలూ కడగవద్దు అని. రేవు కాపలా మనిషి వారంవారం తొట్టి ఖాళీ చేసి పాచి తోమాలి. జాడించే నీళ్లలో గుడ్డను పరిచి, ముంచి, ఎత్తి, మళ్లీ పరిచి, జారుడు పోయి గుడ్డ కిర్రుమనేదాకా చేస్తారు. బూడిద సారం రవ్వంత మిగిలినా ఎండలో పసుపు తిరుగుతుంది, ఏళ్లు గడిస్తే నార కొరుకుతుంది.

పిండడానికి ఇద్దరు కావాలి. దుప్పటి కొసలు చెరొకరు పట్టుకుని ఎదురెదురుగా నిలబడి, ఇద్దరూ ఎవరి కుడికి వాళ్లు తిప్పుతారు. ఎదురెదురుగా ఉన్నారు కాబట్టి మెలి వ్యతిరేక దిశల్లో పడి, దుప్పటి తాడులా బిగుసుకుని, నడుమ ముడి తిరిగేదాకా నీళ్లు కారుస్తుంది. పిండినవాటిని రేవులోనే కట్టిన కొయ్య కమ్మీల మీద వేసి కాసేపు వడియనిస్తారు. ఇక్కడ కాస్త ఊపిరి తీసుకునే వీలు. రేవు కబుర్ల గురించి మగ రచయితలు కావలసినన్ని వెటకారాలు రాశారు. ఊళ్లో ఎవరి దుప్పటి మీద ఏ మరకో ముందు తెలిసేది అక్కడే అన్నది నిజమే. రాత్రి రేవు దగ్గర దెయ్యాలు బట్టలు పిండుతాయనీ, సాయం పట్టమంటే ఒప్పుకోకూడదనీ కథలున్నాయి. జార్జ్ సాండ్ 1858 నాటి తన పల్లె కథల సంపుటిలో ఆ రాత్రి చాకలి దెయ్యాలకు చోటిచ్చింది. చీకట్లో పిల్లలు లోతునీళ్ల దరికి పోకుండా ఆ దెయ్యాలు బాగానే పనికొచ్చి ఉంటాయి.

ఆఖరి నీళ్లకు నీలిమందు. హెంప్, అవిసె గుడ్డలకు పుట్టుకతో ఉన్న పసుపు ఛాయను కాస్త నీలం కప్పేసి తెల్లగా చూపిస్తుంది. నీలిమందు మూటను నీళ్లలో తిప్పుతారు. ఇది కరగదు, నలుసులుగా తేలుతుంది. అందుకని నీళ్లు కలుపుతూనే ఉండాలి, లేకపోతే గుడ్డ మీద చారలు. ఒకప్పుడు దీనికి అసలు నీలి, అంటే ఇండిగో, వాడేవారు. 1826లో జాఁ-బాతీస్త్ గిమే అనే ఫ్రెంచి రసాయనవేత్త అల్ట్రామరీన్ నీలాన్ని కృత్రిమంగా చేసే పద్ధతి కనిపెట్టాక అది చవకబడి పల్లెలకు దిగింది. లియోఁ దగ్గర గిమే పెట్టిన కారఖానాను కొడుకు ఎమీల్ నడిపాడు, ఆ సంపాదనతో ఆసియా కళల మ్యూజియం పెట్టాడు. 1879లో లియోఁలో మొదలైన ఆ గిమే మ్యూజియం 1889లో పారిస్ చేరింది. కృష్ణా జిల్లా ఘంటసాల బౌద్ధ శిల్పం ఇప్పుడు అందులోనే ఉంది. పల్లె ఆడవాళ్లు ఆఖరి నీళ్లలో కలిపిన నీలిమందు డబ్బు ఆ గోడల్లో కొంత ఉందన్న మాట.

ఆరేయడం గడ్డి మీద. దండెం మీద వేసినవి ఎండుతాయి గాని గడ్డి మీద పరిచినవి తెల్లబడతాయి. తడి, ఎండ, గాలి మూడూ కలిసి నారలో మిగిలిన రంగును విరిచేస్తాయి. అందుకే పొద్దున మంచు పడ్డ గుడ్డను వెంటనే తీయరు, ఎండితే మళ్లీ నీళ్లు చల్లుతారు. రెండుమూడు రోజులు అలా తిరగేస్తూ ఉంటే దుప్పటి వెలుగుకొస్తుంది. కోళ్లూ బాతులూ తొక్కకుండా పిల్లలను కాపలా పెడతారు. చొక్కాలు, టోపీలు కంచెల మీద.

1954 జనాభా లెక్కల నాటికి కూడా ఫ్రాన్స్‌లో నూటికి అరవై లోపు ఇళ్లకే నీళ్ల కుళాయి ఉంది. పల్లెల్లో ఇంకా తక్కువ. ఆ తరవాత పదిహేను ఇరవై ఏళ్లలో కుళాయి, వాషింగ్ మెషీన్ దాదాపు వెంటవెంటనే వచ్చి లవ్వార్‌ను ఖాళీ చేశాయి. ఒక్కోచోట కప్పు కూలింది, ఒక్కోచోట పంచాయతీ బాగుచేయించి పూలకుండీలు పెట్టింది. బ్రిటనీలోని పాంత్రియు ఊరు త్రియూ నది ఒడ్డున ఉన్న తన యాభై రేవులను చూపించి పర్యాటకులను పిలుస్తుంది. వాటి మీద ఇప్పుడు జెరేనియం పూలు వేలాడుతున్నాయి. ఒక్కరైనా అక్కడ మోకాళ్ల పెట్టె వేసి చూపిస్తే బాగుండును.

ఇక మడత. కొంచెం చెమ్మ ఉండగానే తీసుకోవాలి. మళ్లీ ఇద్దరు, మూలలు పట్టుకుని ఐమూలగా ఇటొకసారి అటొకసారి లాగి వంకర తీస్తారు. దుప్పట్లకు ఇస్త్రీ లేదు. అరచేత్తో ఒత్తి, మడిచి, బరువు పెడితే చాలు. అంచు మూలలో ఎర్రదారంతో కుట్టిన రెండక్షరాలు, పక్కన ఒక అంకె కనిపించేలా మడతలు వేస్తారు. ఆడపిల్ల పెళ్లికి ముందే తన చీరసారెలాంటి దుప్పట్ల మీద తన పొడి అక్షరాలు అడ్డకుట్టుతో వేసుకుని వచ్చేది. ఆ ఎరుపు మంజిష్ఠ జాతి వేరు రంగు, టర్కీ ఎరుపని పేరు. బూడిద తేటలో పన్నెండు గంటలు ఉడికినా దిగదు. రేవులో ఇరవై ఇళ్ల దుప్పట్లు కలిసినా ఎవరివి వాళ్లకు చేరేది దానివల్లే. అంకె వాడకం వంతు కోసం. అలమారలో కొత్తగా ఉతికిన జత దొంతర అడుగుకు పోతుంది, పక్క మీదికి పైనుంచి తీస్తారు. అలా అన్ని జతలూ సమానంగా అరుగుతాయి. ఏదైనా దుప్పటి నడుమ పలచబడితే నిలువునా చీల్చి, అంచులు మధ్యకు వచ్చేలా తిప్పి కుట్టి, అదే అంకెతో దొంతరలో పెట్టేస్తారు.